మా ఊళ్ళో మూడో తరగతి లేని మూడేళ్ళు: మండల పరిషత్ బడి గురించి ఒక తల్లి సమీక్ష

మా పెద్దాడు 2015 జూన్‌లో మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేరాడు. 2025లో పక్క ఊరి జడ్పీ హైస్కూల్లో పది పాసయ్యాడు. పాప ఇప్పుడు అదే హైస్కూల్లో ఆరో తరగతి. ఇద్దరికీ ఇప్పటివరకు ప్రైవేటు బడి ఫీజు అంటూ కట్టలేదు. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. ఊరి పేరు, మండలం పేరు రాయడం లేదు, ఇక్కడ చెప్పే వాళ్ళందరూ రోజూ నాకు ఎదురుపడే మనుషులు.

కిట్లు, గుడ్లు, చిక్కీ, తల్లుల ఖాతాలో పడే డబ్బు, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను చెప్పేది తల్లిదండ్రుల కమిటీ గురించి. అందులో సుమారు మూడేళ్ళు ఉన్నాను. 2019లో పెద్దాడి తరగతి తరఫున, తర్వాత పాప తరగతి తరఫున.

ముందు మంచి మాటే చెప్తాను, ఎందుకంటే అది నిజంగా మంచి. 2019 నవంబరులో గవర్నమెంటు బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకం మొదలైంది, దాని మొదటి విడతలో మా బడి పేరు వచ్చింది. అప్పటిదాకా కమిటీ అంటే సంతకాల పుస్తకం ఇంటికి పంపిస్తే వేలిముద్రో సంతకమో వేసి పంపడమే. ఈసారి కాంట్రాక్టరు లేడు, డబ్బు కమిటీ ఖాతాలోకే వచ్చింది. హెడ్మాస్టరుతో పాటు మా వాళ్ళ సంతకం కూడా పడితేనే చెక్కు కదిలేది. ఫ్యాన్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు పైనుంచే వచ్చాయి గానీ ఇటుక బేరం మాదే, మేస్త్రీ కూలి మాట్లాడింది మేమే. సిమెంటు బండి వస్తే నేనూ మా వీధి పెద్దమ్మా నిలబడి బస్తాలు లెక్కపెట్టేవాళ్ళం. మరుగుదొడ్ల గోడకి మాలు కలిపేటప్పుడు మేస్త్రీ ఇసుక ఎక్కువ వేస్తున్నాడని ఆవిడ పసిగట్టింది. అరవై ఏళ్ళ మనిషి, చదువు రాదు, తన ఇల్లు తను కట్టించుకున్న అనుభవం. ‘ఇది నా మనవరాలు వెళ్ళే దొడ్డి, నీ ఇంటికి ఎట్లా కలుపుతావో అట్లా కలుపు’ అని కూర్చుంది. మళ్ళీ కలిపించింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి పని ఆగినప్పుడు కట్టిన గోడలు ఎండిపోకుండా వంతులు వేసుకుని బిందెలతో నీళ్ళు పోశాం.

మా పెద్దాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఇంటర్‌వెల్‌కి ఆడపిల్లలు ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు. కొందరు ఇక తిరిగి వచ్చేవాళ్ళు కాదు. పాప చేరేనాటికి కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే దొడ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరడిగినా మా బడిని మించింది లేదని చెప్పాను. మా చెల్లెల్ని కూడా దాని పిల్లల్ని వాళ్ళ ఊరి గవర్నమెంటు బడిలోనే వేయమని పోరాను.

ఇక అసలు సంగతి. 2022 జూన్ 10న 117 జీవో వచ్చింది. హైస్కూలుకి కిలోమీటరు లోపున్న ప్రాథమిక బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూల్లో కలుస్తాయి, ఊరి బడిలో ఒకటి, రెండు మాత్రమే ఉంటాయి అన్నారు. చిన్న తరగతుల నుంచే సబ్జెక్టుకో టీచరు దొరుకుతారనేది వాళ్ళు చెప్పిన కారణం. పాప సరిగ్గా ఆ ఏడే మూడో తరగతికి వచ్చింది. జులై 5న బడి తెరిస్తే మా పిల్లల పేర్లు ఇక్కడి రిజిస్టరులో లేవు.

కిలోమీటరు అన్నారు కదా, అది వాగు మీద చప్టా దాటి వెళ్ళే దగ్గరి దారి. చప్టా మునిగితే మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరగాలి, రెండున్నర కిలోమీటర్లు. ఈ తేడాకి ఇంకో నష్టం కూడా ఉంది. చిన్న తరగతుల పిల్లలకి రవాణా భత్యం అడగాలంటే బడి కిలోమీటరు పైన ఉండాలి. మా లెక్క లోపలే తేలింది కాబట్టి అదీ లేదు.

కమిటీ కూర్చుని తీర్మానం రాశాం. చప్టా ఫొటోలు పెట్టాం. మరుసటి వారం బడి గేటుకి తాళం వేశాం కూడా, ఆ జులైలో చాలా ఊళ్ళలో వేశారు. మండలం నుంచి ఒక సారు వచ్చి ఓపిగ్గా విన్నారు, కాగితం తీసుకున్నారు, ఇది తన చేతిలో లేదన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తర్వాత నేను అడిగి తెలుసుకున్నాను: 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీకి బడి పనితీరు చూడమని చెప్పింది, అభివృద్ధి ప్రణాళిక రాయమని చెప్పింది, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతుందో చూడమని చెప్పింది. ఏ తరగతి ఏ ఊళ్ళో ఉండాలో చెప్పే హక్కు అందులో లేదు. ఇటుకల బేరం మా చేతికి ఇచ్చినవాళ్ళు ఆ ఇటుకల మధ్య ఎవరు కూర్చుంటారో మమ్మల్ని అడగలేదు. నా కోపమంతా ఇదే, ఇప్పటికీ పోలేదు. ఇంకోటి, పాప పేరు హైస్కూలుకి మారగానే ఇక్కడి కమిటీలో నా సభ్యత్వం కూడా పోయింది. అడగాల్సిన సమయానికి అడిగే అర్హత లేకుండా పోయింది.

ఆ ఏడు అక్టోబరులో ఒకరోజు చెప్తాను. పొద్దున చినుకులే. నేను మిరపచేలో కలుపుకి వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి పట్టిన వాన మూడున్నరకి గానీ తగ్గలేదు. చేలోంచి అట్లాగే వాగు దగ్గరికి పరిగెత్తాను. చప్టా కనిపించడం లేదు, దాని పక్కన పాతిన రాళ్ళు కూడా మునిగాయి. ఈ ఒడ్డున పదిమంది తల్లులం, అవతల మా ఊరి చిన్న పిల్లలు ఇరవై రెండు మంది. ఎవరో ఒక పిల్ల తెగించి నీళ్ళలో అడుగుపెడితే? మా పక్కింటి వదిన చీర కొంగు నడుముకి దోపి దిగబోయింది, పట్టి ఆపాం.

అప్పుడు ఫోను వచ్చింది. హైస్కూలు పీఈటీ సార్. ‘పిల్లలందరూ నా దగ్గరే ఉన్నారమ్మా, ఒక్కర్ని కూడా గేటు దాటనివ్వలేదు, మీరెవరూ వాగులోకి దిగొద్దు’ అన్నారు. ఆ మాట విన్నాక వదిన అక్కడే బురదలో కూర్చుండిపోయింది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ పని అయిపోయి ఇంటికెళ్ళిన మనిషి, కబురు విని వానలోనే తిరిగొచ్చి పొయ్యి వెలిగించి పిల్లలకి ఇంత అన్నం, చారు పెట్టింది. అప్పటికి వంటవాళ్ళకి ఇచ్చేది నెలకి మూడు వేలు. సార్ తెలిసిన ఆటోని పిలిచి మెయిన్ రోడ్డు మీదుగా మూడు ట్రిప్పులు వేయించారు, ఆటో డబ్బు మేం ఇవ్వబోతే తీసుకోలేదు. ఏడింటికి ఆఖరి ట్రిప్పులో పాప దిగింది, ఆయన భుజం మీద నిద్రపోతూ. ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ రోజు పిల్లల్ని కాపాడింది ఇద్దరు మనుషుల మంచితనం. ఆ సార్ ఆ రోజు సెలవులో ఉంటే ఏం జరిగేదో నేను ఆలోచించలేను.

వారం తిరక్కుండా పాప తరగతిలో ఏడుగురు టౌన్లో ప్రైవేటు బడి వ్యాను ఎక్కారు. మా ఆయన కూడా అదే అన్నాడు. మాకు ఆ ఏడు మిరప బాగా దిగలేదు, ఫీజు మా వల్ల కాదు. ఉన్న మాట అది. ఆగింది నమ్మకంతో కాదు.

ఆగాక తెలిసినవి కొన్ని ఉన్నాయి, వాటినీ చెప్పాలి. మొదటి రెండు నెలలు పాప రోజూ ఏడ్చింది. పెద్దపిల్లల దొడ్లకి వెళ్ళడానికి భయం, పీరియడ్ బెల్లు కొట్టగానే టీచరు మారిపోవడం దానికి అర్థం కాలేదు. మా ఊరి బడిలో అయితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మేడమ్, జడ ఊడితే మేడమే వేసేది. అయితే లెక్కల విషయం వేరు. కరోనాకి ఒకటి, రెండు తరగతులు సగం పోయిన పిల్ల అది. తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివేది, తీసివేతలో అప్పు తీసుకోవడం రాదు. హైస్కూలు లెక్కల సార్ సాయంత్రం అరగంట ఆపి చెప్పారు. మార్చికల్లా పెద్దాడి దగ్గర కూర్చుని భాగహారం చేస్తోంది. ఊళ్ళోనే ఉంటే ఆ మేడమ్‌కి అంత తీరిక దొరికేదా? అనుమానమే. అప్పటికి ఆవిడ ఒక్కతే. హాజరు ఫొటో, భోజనం ఫొటో, దొడ్ల ఫొటో ఫోనులో ఎక్కించేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. ఆవిడ సెలవు పెడితే స్కూల్ కాంప్లెక్సు, అంటే చుట్టుపక్కల బడుల గుంపు, నుంచి ఎవరినైనా పంపితే బడి, లేకపోతే లేదు.

అదే హైస్కూల్లో పెద్దాడు ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు, ఏడాదికి 12,000. దానికి తయారు చేసింది కూడా అక్కడి సార్లే, ఆదివారాలు పిలిచి మరీ. చదువు దగ్గర నాకు ఫిర్యాదు తక్కువ.

మా ఊరి బడి మాత్రం చూడలేకపోయాను. పధ్నాలుగు మంది పిల్లలు, ఒక్క టీచరు. మేం నీళ్ళు పోసి నిలబెట్టిన గదుల్లో రెండింటికి తాళం. కొత్త ఆకుపచ్చ బోర్డు మీద 2022 ఏప్రిల్లో ఎవరో రాసిన తేదీ అట్లాగే ఉండిపోయింది, కిటికీలోంచి కనిపించేది. దొడ్ల గురించి ఇందాక అంత గొప్పగా చెప్పాను కదా, అదీ కొంచెం తగ్గించి చెప్పుకోవాలి. మోటారు రెండోసారి కాలినప్పుడు నాలుగు నెలలు బాగుచేయించలేదు. శుభ్రం చేసే ఆయమ్మకి జీతం ఏ నెలది ఆ నెల రాలేదు. ఆవిడ వచ్చినన్నాళ్ళూ వచ్చింది, తర్వాత మిరపకోతలకి వెళ్ళిపోయింది, తప్పు పట్టను. కట్టేదాకా మేం రోజూ వెళ్ళాం. కట్టాక చూసుకోవడానికి పిల్లలున్న తల్లులే అక్కడ తక్కువైపోయారు.

2025 మేలో ఆ జీవో రద్దయింది. మూడు, నాలుగు, ఐదు తరగతులు జూన్‌లో మళ్ళీ మా ఊరి బడికి వచ్చాయి. పాప అప్పటికి ఐదు పూర్తి చేసింది, దానికి ఆ మేలు దక్కలేదు. తాళం తీసిన రోజు నేనూ పెద్దమ్మా వెళ్ళి గదులు కడిగి వచ్చాం. పిల్లలు మాత్రం వెనక్కి అందరూ రాలేదు. వ్యాను ఎక్కిన ఏడు ఇళ్ళలో ఇద్దరి తమ్ముళ్ళు చేరారు, మిగతా ఇళ్ళు అటే ఉన్నాయి. అరవై మంది ఉన్న బడులకి మోడల్ ప్రైమరీ పేరుతో తరగతికో టీచరు అన్నారు. మా బడి ఆ లెక్కకి దూరం. ఇప్పుడు ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, పైన ప్రీప్రైమరీ చిన్నపిల్లలు.

మా మరిది కొడుకు వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి వస్తాడు. ఎక్కడ వేయమంటావు వదినా అని మరిది అడుగుతున్నాడు. మా ఇల్లు బడికి నాలుగిళ్ళ అవతల, నేను రోజూ ఒకసారి తొంగిచూడగలను, వాళ్ళ ఇంట్లో ఇద్దరూ కూలికి పోతారు. ఐదేళ్ళ కిందటైతే ఆలోచించకుండా మన బడే అనేదాన్ని. ఇప్పుడు, ఎండాకాలం సెలవుల్లో బదిలీలు అయ్యాక ఎంతమంది టీచర్లు మిగులుతారో చూసి చెప్తానన్నాను. మోటారు పనిచేస్తోందో లేదో నిన్న వెళ్ళి చూశాను, పనిచేస్తోంది.