రెండు పేజీలకూ ఒకే ఫోటోనా, పేజీకో పనా? డాక్యుమెంటరీ స్ప్రెడ్‌కి ఏది మేలు

ఆ డాక్యుమెంటరీ చేతిగడియారాలు బాగుచేసే ఒక ముసలాయన గురించి. కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో లేపుతుంటాడు. సినిమా అంతా ఆ కంటి చుట్టూనే తిరుగుతుంది. దాని గురించి ఒక పత్రికవాళ్లు ఎదురెదురు రెండు పేజీలు, అంటే ఒక స్ప్రెడ్, ఇస్తామన్నారు. నేను మరో ఆలోచన లేకుండా ఆయన ముఖాన్ని రెండు పేజీల నిండా పరిచేశాను. కంప్యూటర్ స్క్రీన్ మీద చూసుకుని మురిసిపోయాను కూడా.

పత్రిక చేతికొచ్చాక విప్పితే ఆ కన్ను లేదు. మధ్య మడతలోకి దిగిపోయింది. కణత ఒక పేజీలో, ముక్కు ఇంకో పేజీలో, వాటి మధ్య భూతద్దం అంచు సన్నటి నల్లగీతలా మిగిలింది. “తాతని ఒంటికన్నువాణ్ణి చేశారేంటండీ” అని డైరెక్టర్ ఫోన్ చేశాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు వినలేకపోయాను.

అప్పటినుంచి స్ప్రెడ్ పని వచ్చినప్పుడల్లా ముందు కాగితం మీద రెండు మూడు రకాలుగా గీసి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఒకే ఫోటో పరిస్తే

పేజీలు తిప్పే చెయ్యి ఆగాలంటే దీనికి మించిన దారి లేదు, అది ఒప్పుకోవాల్సిందే. చుట్టూ కాలమ్‌లు, బాక్సులు, చిన్న చిన్న ఫోటోలు కిక్కిరిసిన పత్రికలో ఉన్నట్టుండి రెండు పేజీల ఖాళీ ఆకాశమో, ఒక ముఖమో వస్తే ఎవరైనా ఆగుతారు.

చిక్కంతా మడతతోనే. అది బైండింగ్‌ని బట్టి ఉంటుంది. సెంటర్ పిన్నింగ్ చేసిన, అంటే కాగితాలన్నీ కలిపి మడత మీద పిన్నులు కొట్టిన పత్రికలో నట్టనడి స్ప్రెడ్ మాత్రమే నిజంగా ఒకే కాగితం. అక్కడ ఏం పరిచినా దెబ్బతినదు, పిన్నులు ముఖం మీద పడకుండా చూసుకుంటే చాలు. మిగతా స్ప్రెడ్‌లన్నిటిలో ఎడమ పేజీ ఒక కాగితం మీద, కుడి పేజీ ఇంకో కాగితం మీద అచ్చవుతాయి. మడిచి, కలిపి, కోసేసరికి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. రంగు కూడా ఒక పిసరు తేడా రావచ్చు. వాలుగా పోయే తాడో, తీగో మడత దగ్గర మెట్టులా విరిగి కనిపించేది అందుకే. ఇక జిగురుతో అతికే పర్ఫెక్ట్ బైండింగ్ అయితే పుస్తకం చాపలా పరుచుకోదు. పత్రిక లావుని బట్టి ఒక్కో వైపు 5 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా లోపలికి పోతుంది. నా ముసలాయన కన్ను పోయింది అక్కడే.

కాబట్టి పత్రికవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని పేజీలు’ కాదు, ‘బైండింగ్ ఏంటి, మాకిచ్చేది ఎన్నో పేజీ’ అని. మడత మీద గోడ, చీకటి, నీళ్లు, పొగ, ఇలాంటివేమైనా పడనివ్వచ్చు. కన్ను, వేలు, అక్షరం పడకూడదు. హెడ్డింగ్ రెండు పేజీల మీదుగా సాగితే మడత రెండు మాటల మధ్య ఖాళీలోకి రావాలి. తెలుగులో ఇది మరీ ముఖ్యం. ‘క్ష్మి’ లాంటి అక్షరం మధ్యలో విరిగిందంటే ఏ ఒత్తు ఎవరిదో తేల్చుకోవడం పాఠకుడి తరం కాదు.

పేజీకో పని అప్పగిస్తే

ఎడమ పేజీ నిండా ఫోటో, కుడి పేజీలో మాటలు. మడతతో గొడవ ఉండదు, రంగు కొద్దిగా మారినా పోల్చి చూసుకోడానికి పక్కన ఏమీ ఉండదు. హడావుడిలో ఉన్నవాళ్లకి, మొదటిసారి చేస్తున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే.

కాకపోతే పత్రికలో సగం వ్యాసాలు ఇలాగే ఉంటాయి. ఫోటో కొంచెం చప్పగా ఉందంటే మనది కూడా వాటిలో కలిసిపోతుంది. ఇంకో సంగతి. ముందు నుంచి వెనక్కి తిప్పేవాళ్లకి కుడి పేజీ ముందు కంటపడుతుంది, వెనక నుంచి తిప్పేవాళ్లకి ఎడమ పేజీ. అందుకని ఫోటోని కుడి పక్కకి మార్చాలని కొందరు వాదిస్తారు. నేను మాత్రం ఎడమవైపే ఉంచుతాను. మనం చదివేది ఎడమ నుంచి కుడికి కదా, ఫోటో చూసి మాటల్లోకి జారుకోవడం తేలిక.

ఇంతవరకూ చెప్పింది ఏ సినిమాకైనా వర్తిస్తుంది. డాక్యుమెంటరీకి తేడా ఎక్కడంటే, ఇక్కడ హీరో ముఖం ఎవరికీ తెలియదు. కథాచిత్రానికి తెలిసిన నటుడి ముఖం, పేరు, తేదీ వేస్తే సరిపోతుంది, మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు. ముక్కూ మొహం తెలియని ముసలాయన్ని రెండు పేజీల నిండా వేస్తే ‘ఎవరీయన?’ అన్న ప్రశ్న ఒక్కటే పుడుతుంది. అదే పేజీలో జవాబు దొరక్కపోతే చెయ్యి మళ్లీ కదులుతుంది. ఫోటో ఎంత గొప్పదైనా పక్కన నాలుగు మాటలు పడాల్సిందే. అందుకే డాక్యుమెంటరీకి పోస్టర్‌లాంటి స్ప్రెడ్ మీద నాకు గురి తక్కువ.

సినిమాలోంచి తీసిన ఫ్రేమా, విడిగా తీసిన స్టిల్లా

లేఔట్ గురించి ఎంత తర్జనభర్జన పడినా చివరికి చేతిలో ఉన్న ఫోటోయే తేలుస్తుంది. ఇక్కడ కొంచెం లెక్కలు చెయ్యాలి.

పత్రిక ఏ4 సైజు అనుకుందాం. విప్పితే 420×297 మిల్లీమీటర్లు. నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే 426×303. మంచి కాగితం మీద అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు అనే లెక్క పట్టుకుంటే స్ప్రెడ్ నిండడానికి ఇంచుమించు 5030×3580 పిక్సెళ్లు, అంటే 18 మెగాపిక్సెళ్ల ఫోటో కావాలి. ఇప్పుడొచ్చే స్టిల్ కెమెరాలకి ఇది ఒక లెక్క కాదు. వీడియోకి అవుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ 1920×1080. 300 దగ్గర అది 16 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు, పోస్టుకార్డంత. అంతకు మించి సాగదీస్తే గళ్లు, మసక బయటపడతాయి.

4కె ఫ్రేమ్ 3840×2160. దీన్ని స్ప్రెడ్ నిండా పరవాలంటే, వీడియో వెడల్పు ఎక్కువ కాబట్టి, పక్కల నుంచి ఐదో వంతు కొయ్యాలి. మిగిలింది అంగుళానికి 180 పిక్సెళ్లు వస్తుంది. గండం గడుస్తుంది, అంతే.

“పోనీ ఒక్క పేజీకే పెడదాం, అప్పుడు షార్ప్‌గా వస్తుంది” అనుకుంటారు చాలామంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. రాదు! పేజీ ఎత్తు మారలేదు కదా. ఎత్తులో ఉన్నవి అవే 2160 పిక్సెళ్లు కాబట్టి అదే 180. పైగా అడ్డంగా తీసిన బొమ్మని నిలువు పేజీలో దూర్చాలి కాబట్టి అరవై శాతం కత్తెరకి పోతుంది. కెమెరామన్ చూస్తే బాధపడతాడు.

పిక్సెళ్లు ఒక్కటే సమస్య కాదు. సెకనుకి 25 ఫ్రేములు తీసేటప్పుడు మామూలుగా కెమెరా షట్టర్ ఒక్కో ఫ్రేముకి 1/50 సెకను తెరుచుకుని ఉంటుంది. కదిలే చెయ్యి ఆ కాసేపట్లోనే కాస్త అలుక్కుపోతుంది. తెర మీద ఆ అలుకుడే కదలికని నునుపుగా చూపిస్తుంది, కాగితం మీద మాత్రం ఫోకస్ తప్పిన ఫోటోలా ఉంటుంది. స్టిల్ కెమెరాతో 1/250 దగ్గర తీస్తే పట్టకారు మొన కూడా కనిపిస్తుంది. ఫ్రేమే వాడాల్సి వస్తే కదలిక మొదలుకాకముందో, ఆగిపోయాకో ఉన్న క్షణాన్ని వెతకండి. ముసలాయన స్ప్రింగు లేపే ముందు అరసెకను ఆగుతాడు. నాకు పనికొచ్చిన ఫ్రేమ్ అక్కడే దొరికింది.

అయితే స్టిల్ ఎప్పుడూ గొప్పది, ఫ్రేమ్ ఎప్పుడూ తక్కువది అని కాదు. షూటింగ్ ఆపి, ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, “ఇటు చూడండి తాతా” అని తీసిన ఫోటోలో అన్నీ ఉంటాయి, ఆయన తప్ప. తన పనిలో మునిగిపోయినప్పటి ముఖం ఫ్రేమ్‌లోనే దొరుకుతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కొంచెం మసకగా ఉన్నా నిజంగా ఉన్న ముఖాన్నే వేస్తాను, కానీ చిన్నదిగా. షూటింగ్ మొదలవకముందే ఒకరి చేతికి స్టిల్ కెమెరా ఇచ్చి పక్కన తిరగమంటే ఈ తగువే ఉండదు. ఎంత చెప్పినా డాక్యుమెంటరీవాళ్లు మర్చిపోయే పని ఇది.

మూడో దారి

ఈ లెక్కలతో కుస్తీ పడుతుంటేనే ఇది తట్టింది. ఫ్రేమ్‌ని ఎత్తుకి కాకుండా వెడల్పుకి సరిపెట్టాలి. 4కె ఫ్రేమ్‌ని పక్కలు కొయ్యకుండా 426 మిల్లీమీటర్లకి పరిస్తే అంగుళానికి 229 పిక్సెళ్లు వస్తాయి, ఆర్ట్ పేపర్ మీద కూడా బాగానే ఉంటుంది. ఎత్తు 24 సెంటీమీటర్లు, కింద ఆరు సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. అది చాలదు. పైనా కిందా కాస్త కోసి 2.39:1కి, అంటే సినిమాస్కోప్ వెడల్పుకి తెస్తే ఎత్తు 18 సెంటీమీటర్లకి దిగి, కింద 12 సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. పేజీకి రెండు చొప్పున నాలుగు కాలమ్‌లు వేస్తే మూడు వందల పైచిలుకు మాటలు పడతాయి. తెర లాంటి ఫోటో పైన, ‘ఎవరీయన’కి జవాబు కింద.

మడత బాధ దీనికీ ఉంది, కాదనను. కానీ వెడల్పు బొమ్మలో ముఖాన్ని ఒక పక్కకి జరిపి, రెండో పక్క గది, బల్ల, గోడ మీది గడియారాలు ఉంచడానికి చోటుంటుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌తో మాత్రం ఇది కుదరదు. అప్పుడు పేజీకో పని పద్ధతికి దిగి, ఒక పెద్ద ఫ్రేమ్ బదులు పోస్టుకార్డంత ఫ్రేములు మూడు ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చడమే నయం.

లోపల మాటలు ఎవరివి?

చాలామంది డైరెక్టర్‌తో ప్రశ్నలు, జవాబులు వేస్తారు. రాయడం సులువు, డైరెక్టర్ కూడా సంతోషిస్తాడు. కానీ పాఠకుడికి డైరెక్టర్ ఎవరో ఇంకా తెలియదు, ఆయన పడ్డ కష్టాలతో పనీ లేదు. సినిమాలో ఉన్న మనిషి మాటతో మొదలుపెట్టి, డైరెక్టర్ మాటల్ని పక్కన చిన్న బాక్సులో వేస్తే సరిపోతుంది. పెద్దక్షరాల్లో వేసే మాట కూడా ముసలాయనదే అయితే బాగుంటుంది. ఒక జాగ్రత్త: గంటసేపు మాట్లాడిన మాటల్లోంచి ఒక్క వాక్యం పీకి పెడితే అర్థం తిరగబడొచ్చు. ఇక్కడున్నది పాత్ర కాదు, పత్రిక చూసి పక్కింటివాళ్లకి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. ఆయన సంతకం పెట్టిన అనుమతి కాగితంలో సినిమాతో పాటు ప్రచారం ఫోటోల ప్రస్తావన కూడా ఉందో లేదో చూడండి.

స్ప్రెడ్‌కి పత్రికకి డబ్బు కట్టి ఉంటే మూల ‘ప్రకటన’ అని వెయ్యాల్సిందే, అది దాచి వ్యాసం వేషం వేయిస్తే తర్వాత తలనొప్పి.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లక్షరాలా, తెల్ల కాగితం మీద నల్లక్షరాలా? హెడ్డింగ్‌కి మొదటిది, వ్యాసానికి రెండోది. చిక్కటి నలుపు నాలుగు రంగుల సిరా కలిస్తే వస్తుంది. వాటిలో ఒకటి కాస్త జరిగినా చిన్న తెల్లక్షరాల తలకట్లు, ఒత్తులు పూడుకుపోతాయి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటే తెలుగుకి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోండి, లేకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. రాత్రి సీన్లు స్క్రీన్ మీద కన్నా కాగితం మీద చీకటిగా వస్తాయి, కాబట్టి ఫోటోని సీఎంవైకేకి, అంటే అచ్చులో వాడే ఆ నాలుగు సిరాల రంగులకి మార్చాక నీడల్ని కొంచెం లేపాలి.

ట్రైలర్‌కి క్యూఆర్ కోడ్ వేస్తే రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా, చుట్టూ తెల్ల అంచుతో, మడతకి దూరంగా, కుడి పేజీ బయటి అంచు దగ్గర వెయ్యండి. ఎక్కడ, ఎప్పుడు చూడొచ్చో అక్షరాల్లో కూడా రాయండి. ఫోన్ తీసి స్కాన్ చెయ్యని మనిషి కూడా ప్రేక్షకుడే.

ముసలాయన సినిమాకి ఇంకో పత్రికలో మళ్లీ రెండు పేజీలు దొరికాయి. ఈసారి మూడో దారే పట్టాను. అచ్చుకి పంపేముందు రెండు పేజీలూ అసలు సైజులో ప్రింటు తీసి, ఆ పత్రిక పాత సంచిక మధ్యలో జిగురుతో అతికించి, మామూలుగా చేతిలో పట్టుకుని విప్పి చూశాను. కన్ను మడతకి ఎడమగా ఉంది. నమ్మకం చాలక స్కేలు పెట్టి కొలిచాను: నాలుగు సెంటీమీటర్లు.