సేంద్రియ పాలు కొనేవారికి జాగ్రత్త: ధ్రువపత్రంలో పాల పేరు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి

సీసా మీద "ఆర్గానిక్" అన్న మాట చూసి పాలు కొంటున్నవారూ, కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారూ చందా కట్టేముందు దీన్ని చదవాలని కోరుతున్నాను. ఇంటికి పాలు తెచ్చి ఇచ్చే ఒక సంస్థకు మూడు నెలల సొమ్ము ముందుగానే కట్టి, మామూలు పాలకంటే బాగా ఎక్కువ ధరకు ఏడు వారాలపాటు నేను కొన్న పాలకు సేంద్రియమని చెప్పడానికి ఏ ఆధారమూ లేదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఏడో వారంలో ఒక ఉదయం పాలు పొయ్యిమీద పెట్టగానే విరిగిపోయాయి. ఫిర్యాదు చేస్తే, "మేము నిల్వ ఉంచే రసాయనాలు కలపమండీ, ఆర్గానిక్ పాలు త్వరగానే విరుగుతాయి" అన్న సమాధానం వచ్చింది. నా అనుమానం మొదలైంది ఆ సమాధానంతోనే. పాశ్చరైజ్ చేసిన మామూలు పాలు కొన్ని రోజులు నిలవడానికి కారణం వాటిలో కలిపిన రసాయనాలు కాదు. వేడిచేసినప్పుడు సూక్ష్మజీవులు చాలావరకు చావడం, ఆ తరువాత పాలు చల్లదనంలోనే ఉండడం. ఆ చల్లదనం ఎక్కడో తప్పితే మిగిలిన బాక్టీరియా పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, పులుపెక్కిన పాలను కాచినప్పుడు కేసిన్ అనే ప్రోటీన్ ముద్దకడుతుంది. ఆవు ఏ మేత తిన్నదన్న విషయానికీ దీనికీ సంబంధం లేదు. రవాణాలో జరిగిన లోపాన్ని నాణ్యతకు గుర్తుగా చూపించారన్నమాట.

అప్పటిదాకా సీసా వెనుకవైపు నేను ఒక్కసారీ సరిగా చదవలేదని ఒప్పుకోవాలి. ముందువైపు పెద్ద అక్షరాలూ, పక్కనే ఏదో అధికారిక ముద్ర అనిపించేలా గుండ్రటి గీత మధ్య పచ్చటి ఆకు బొమ్మా ఉన్నాయి. వెనుక సన్నటి అక్షరాలలో "సహజ పద్ధతిలో పెంచిన ఆవుల పాలు" అన్న వాక్యం తప్ప ధ్రువీకరించిన సంస్థ పేరు గానీ, నమోదు సంఖ్య గానీ లేవు. ఆ ఆకు ఏ ప్రమాణానికీ చిహ్నం కాదు, వట్టి బొమ్మ.

ధ్రువపత్రం పంపమని మూడుసార్లు అడిగిన తరువాత, అంచులు తెగిపోయి పక్కకు వంగిన ఫొటో ఒకటి ఫోన్‌కు వచ్చింది. పెద్దది చేసి చూస్తే అందులో ఉత్పత్తుల పట్టిక ఉంది: పశుగ్రాసపు జొన్న, మొక్కజొన్న, కొన్ని కూరగాయలు. పాడి పశువుల ప్రస్తావన లేదు, పాల పేరు అసలే లేదు. పైగా దాని గడువు అంతకు ముందు ఏడాదే తీరిపోయింది. ఇదేమిటని అడిగితే, "మేత ఆర్గానిక్ అయినప్పుడు పాలు ఆర్గానిక్ కావా?" అని ఎదురు ప్రశ్న వేశారు.

వినడానికి సబబుగా తోచే ప్రశ్నే గానీ, సమాధానం మాత్రం "కావు" అనే. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండా పండించిన మేత అందులో ఒక భాగం మాత్రమే. పశువులను ఎలా ఉంచుతున్నారు, బయట ఎంతకాలం మేపుతున్నారు, జబ్బు చేస్తే ఏ మందులు వాడుతున్నారు, పాలను డెయిరీలో ఇతర పాలతో కలవకుండా విడిగా ఉంచుతున్నారా అన్నవన్నీ తనిఖీ చేశాకే పాలకు ఆ పేరు దక్కుతుంది. నియమాలు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికా ప్రమాణం ప్రకారం పశువులను ఏడాదికి కనీసం 120 రోజులు బయట మేపాలి, యాంటీబయాటిక్ ఇచ్చిన ఆవు పాలను ఆపైన సేంద్రియమని అమ్మడానికి వీల్లేదు. ఐరోపా సమాఖ్యలో అవసరమైతే పరిమితంగా ఆ మందు ఇవ్వవచ్చు గానీ, మందు ఇచ్చాక పాలు అమ్మకుండా ఆగవలసిన గడువు మామూలుకంటే రెట్టింపు అవుతుంది. అందువల్ల ధ్రువపత్రం ఏ ప్రమాణం కింద ఇచ్చారన్నదీ చూడవలసిందే.

ఇక నిజమైన సేంద్రియ పాలే దొరికితే ఆ అదనపు ధర పెట్టవచ్చునా అన్నది మరో ప్రశ్న. మోసపోయిన తరువాత నేను ఎక్కువగా చదివింది దీని గురించే. అంతకు ముందు వెలువడిన అనేక అధ్యయనాలను కలిపి 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం సేంద్రియ పాలలో ఒమేగా-3 కొవ్వులు సుమారు 56 శాతం ఎక్కువ. అమ్మేవారు చెప్పేది ఇంతవరకే. అదే విశ్లేషణలో మామూలు పాలలో అయోడిన్ 74 శాతం ఎక్కువగా ఉందని కూడా తేలింది. అయోడిన్ కోసం ప్రధానంగా పాల మీద ఆధారపడేవారు, ముఖ్యంగా గర్భిణులు, దీన్ని గమనించాలి. ఒమేగా-3 పెరగడానికి ముఖ్య కారణం పశువులు పచ్చిగడ్డి ఎక్కువగా మేయడం. కనుక బాగా పచ్చిక మేసిన మామూలు ఆవు పాలలోనూ అది పెరుగుతుంది. పైగా పాలు ఒమేగా-3కి గొప్ప వనరు కాదు, ఉన్నదైనా కొవ్వులోనే ఉంటుంది. నేనేమో ఆ ఏడు వారాలూ కొన్నది వెన్న తీసిన పాలు! అంటే అవి నిజంగా సేంద్రియమే అయినా, నేను దేనికోసం డబ్బు పెట్టానో అది ముందే తీసేసి ఇచ్చారు.

ప్రోటీన్, కాల్షియం విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లాక్టోజ్ పడనివారికి సేంద్రియ పాలు కూడా పడవు. మామూలు పాడిలోనూ యాంటీబయాటిక్ వాడిన ఆవు పాలను నిర్ణీత గడువు తీరేదాకా అమ్మకూడదన్న నియమం ఉంది గనుక, "మిగతా పాలన్నీ మందులమయం" అనే ప్రచారాన్నీ నమ్మనక్కరలేదు. పశువులను మెరుగ్గా చూసుకోవాలనో, నేలలో రసాయనాలు తగ్గాలనో ఎక్కువ ధర పెట్టేవారిని నేను తప్పుపట్టను. నా దృష్టిలో సేంద్రియ పాలు కొనడానికి గట్టి కారణాలు అవే. అయితే ఆ రెండూ రుచిలో తెలిసేవి కావు, సీసాలో కనిపించేవి కావు. అందువల్ల పత్రం సరిగా లేకపోతే మన డబ్బు వాటికి చేరుతోందని చెప్పే దారే ఉండదు.

మరొక్క విషయం, ఇది డబ్బుకంటే పెద్దది. నన్ను శాంతపరచడానికి చివరలో ఆ సంస్థవారు పాశ్చరైజ్ చేయని పచ్చిపాలు ఇస్తామనీ, "అసలైన ఆర్గానిక్ అంటే అదే" అనీ అన్నారు. సేంద్రియ పద్ధతికీ పచ్చిపాలకూ సంబంధం లేదు. ఎంత మంచి మేత మేసిన ఆవు పాల ద్వారానైనా బ్రూసెల్లా, లిస్టీరియా, ఈ.కోలై వంటి జబ్బు చేసే బాక్టీరియా సోకవచ్చు. 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు వేడిచేసేది వాటిని చంపడానికే. పిల్లలున్న ఇంట్లో పచ్చిపాలు కాచకుండా తాగమని ఎవరు చెప్పినా వినవద్దు.

పత్రం అడిగినప్పుడు ఫొటోతో సరిపెట్టుకోకుండా దానిమీది సంఖ్య తీసుకుని, దాన్ని జారీచేసిన సంస్థనే నేరుగా అడగండి. పట్టికలో "పాలు" అన్న మాట, గడువు తేదీ, మీకు అమ్ముతున్నవారి పేరు, ఈ మూడూ కలవాలి. చందా కూడా మొదట ఒక వారానికే కట్టండి. నాకు రావలసిన మిగిలిన వారాల సొమ్ముకు బదులుగా మరిన్ని పాలు ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు, డబ్బు ఇంతవరకు రాలేదు. నిన్న పొరుగింటి గుమ్మం దగ్గర వాళ్ల సీసా కనిపిస్తే వెనక్కి తిప్పి చూశాను. ఆకు బొమ్మకు కొత్తగా బంగారు రంగు అంచు వచ్చింది. ధ్రువీకరణ సంఖ్య ఇప్పటికీ లేదు.