విండోస్ 98 పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? షాపులో కనిపించే అక్షరాలు చూసి మోసపోకండి

తాడిపత్రి నుంచి పొద్దున్నే బస్సెక్కి అనంతపురం పోయి, టవర్ క్లాక్ దగ్గర దిగి, ఒక సెకండ్ హ్యాండ్ షాపులో తొమ్మిది వేలు పోసి తెచ్చుకున్న తలనొప్పి ఇది. మాది డీటీపీ (కంప్యూటర్లో పేజీలు, కార్డులు కూర్చే) షాపు. పాత పేజ్‌మేకర్ 6.5లో చేసిన పెళ్లికార్డుల ఫైళ్లు ఇంకా ఉన్నాయి, వాటికోసమని (సగం మోజే లెండి) విండోస్ 98 వేసిన ల్యాప్‌టాప్ కొన్నాను. 15 అంగుళాల తెర, అడ్డంగా 1600, నిలువుగా 1200 పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు.

షాపులో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "కండ్లద్దాలు గూడా అక్కర్లేదన్నా" అన్నాడు షాపువాడు. ఇంటికొచ్చాక తెలిసింది, వాడు 800 బై 600లో పెట్టి చూపించాడని. అసలు రిజల్యూషన్‌కు మార్చగానే మెనూలన్నీ చీమల బారు! మెనూల్లో వచ్చే ఎంఎస్ శాన్స్ సెరిఫ్ బిట్‌మ్యాప్ ఫాంటు, అంటే చుక్కచుక్కగా ముందే గీసి పెట్టింది. 8 పాయింట్లలో వరుస ఎత్తు 13 పిక్సెళ్లే. ఈ తెర మీద అంగుళానికి 133 పిక్సెళ్లు కాబట్టి అది రెండున్నర మిల్లీమీటర్లు కూడా రాదు, పాత 15 అంగుళాల డబ్బా మానిటర్లో 800 బై 600 పెట్టుకుంటే నాలుగున్నర దాకా ఉండేది. పేజ్‌మేకర్లో నూరు శాతం పెట్టినా అంతే, విండోస్ అంగుళానికి 96 పిక్సెళ్ల లెక్కే వేస్తుంది, కార్డు ముప్పావు వంతు కూడా కనపడదు. ధకు థకు తేడా కడుపులో చుక్క ఒక్కటే కదా, ఆ చుక్క మాయం.

ఫోన్ చేస్తే ఇంకో 600 తీసుకుని "హెచ్‌డీ ఫాంట్ ప్యాక్" సీడీ అంటగట్టాడు. నా బుద్ధి గడ్డి తిని అందులోని రెండు వేల పైచిలుకు ఫాంట్లూ ఎక్కించాను. విండోస్ 98 సుమారు వెయ్యి దాటితే మోయలేదు, సగం ఫాంట్లు లిస్టులోకే రాలేదు, సిస్టమ్ ఈడ్చుకుంటూ నడిచింది. అన్నీ పీకేసి విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నా.

చివరికి పని చేసింది పైసా ఖర్చు లేనిదే. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి లార్జ్ ఫాంట్స్ (అంగుళానికి 96 బదులు 120 లెక్క) పెట్టి, అప్పియరెన్స్‌లో మెనూకి, మెసేజ్ బాక్సుకి వర్డానా 10 ఇచ్చాను. 1996లో తెర కోసమే గీసిన ఫాంటు అది, విండోస్ 98తోనే వస్తుంది, ఇంగ్లీషు పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె మూడూ విడివిడిగా కనిపిస్తాయి. కొన్ని పాత ప్రోగ్రాముల్లో ఓకే బటన్ సగం తెగిపోతోంది, అది భరిస్తున్నా.

మీరు కొనేటప్పుడు మాత్రం వాడు చూపించింది చూడొద్దు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో రిజల్యూషన్ స్లైడర్ కుడివైపు చివరిదాకా లాగించండి, స్టార్ట్ మెనూ తెరిచి రెండడుగుల దూరం నుంచి చదవండి. "రీస్టార్ట్ అడుగుతాదన్నా, టైం పడతాది" అంటే కూర్చోండి, టీ తాగండి, చేయించండి. బిల్లు కూడా రాయించుకోండి. నేను వాపసు తీసుకోమంటే "బిల్లు యాడుందన్నా?" అన్నాడు.