బందరులో ఒకటిన్నర రోజు: కోట కోసం వెళ్తే అద్దకం దక్కింది

విజయవాడలో పెళ్ళి అయిపోయాక రెండు రోజులు సెలవు మిగిలింది. మా బావమరిది "బందరు చూసొద్దాం బావా" అన్నాడు, అంటే మచిలీపట్నం. పెళ్ళిలో ఎవరితో చెప్పినా "అక్కడేముందయ్యా, లడ్డూ తప్ప?" అన్నవాళ్ళే. వెళ్ళొచ్చాక నా మాట ఏంటంటే, కట్టడాల కోసమైతే వెళ్ళకండి, ఉన్నవి తక్కువ, ఉన్నవాటి పరిస్థితీ అంతంతే. ఊరి పేటల పేర్లు వినడానికి, పక్కనున్న పెడనలో కలంకారీ అద్దకం చూడటానికి, తినడానికి అయితే మాత్రం ఒక రాత్రి పెట్టుకోవచ్చు.

రైలుంది, గుడివాడ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది, తీరిగ్గా పొలాలు చూస్తూ పోవాలంటే బాగుంటుంది. మేం బస్సెక్కాం. 65వ నంబరు జాతీయ రహదారి, పుణెలో మొదలైంది ఇక్కడే ఆగిపోతుంది, డెబ్బై కిలోమీటర్లు, రెండు గంటల్లోపే దిగాం.

లాడ్జి బస్టాండుకి దగ్గర్లోనే దొరికింది. ఏసీ గది 1,600. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు, కానీ వేడినీళ్ళు పొద్దున ఏడు దాటాక రావని డబ్బు కట్టేముందు చెప్పలేదు. ఏడున్నరకి అడిగితే "ఏడుకే కట్టేశామండీ" అని చాలా మర్యాదగా చెప్పారు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు విజయవాడలోనే దిగి పొద్దున్నే బయల్దేరితే నయం. కాకపోతే సాయంత్రం గిలకలదిండి రేవు తప్పిపోతుంది, పడవలు వరసగా ఆగి ఉంటే, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళ మధ్య ఊరికే నిలబడటం నాకైతే బీచీ కంటే నచ్చింది.

మర్నాడు సగం రోజుకి ఆటో మాట్లాడుకున్నాం, 900. డచ్చి సమాధులు చూడాలంటే ఆటో అతను కాసేపు ఆలోచించి "తెల్లోళ్ళ సమాధులాండీ? అక్కడికెవరూ వెళ్ళరండీ" అన్నాడు. నిజమే, ఎవరూ లేరు. గేటుకి తాళం. పక్కింటి పెద్దావిడ ఎవరికో కబురు పెడితే పావుగంటకి తాళంచెవి వచ్చింది. లోపల పెద్ద పెద్ద రాతిపలకలు, వాటిమీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు, మూడొందల ఏళ్ళ పైబడిన ఉలిపని ఉప్పుగాలికి తట్టుకుని ఇంకా చదవటానికి వీలుగా ఉంది. ఎవరు పడుకున్నారో, ఏమిటో చెప్పే బోర్డు తెలుగులో ఒక్కటి ఉంటే ఎంత బాగుండేది. బందరుకోట దగ్గర శిథిలాలే, పది నిమిషాల్లో అయిపోతుంది, దానికోసం ప్రత్యేకంగా పోనక్కర్లేదు.

కానీ ఆటోలో తిరుగుతుంటే ఊరే చెప్పేస్తుంది. వలందపాలెం అంటే వలందులది, అంటే డచ్చివాళ్ళది. పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషుపాలెం సరేసరి. గోల్కొండ కుతుబ్‌షాహీల రేవుగా ఉన్న రోజుల్లో 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చి దిగిన ఊరిది. 1759లో ఇంగ్లీషువాళ్ళు కోటని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు. ఆ తర్వాత 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు ముప్పై వేల మంది పోయారు. పాత ఇళ్ళు ఎందుకు కనపడవని మా బావమరిది అడిగితే నాకు ఆ సంఖ్యే గుర్తొచ్చింది.

సెయింట్ మేరీ చర్చికి ఒక కథ ఉంది. జాన్ పేటర్ అనే సైన్యాధికారి, అరబెల్లా అనే అమ్మాయి, పెళ్ళికి ముందే ఆమె చనిపోతే శవాన్ని అద్దాలపెట్టెలో పెట్టించి చూసుకునేవాడట, ఆమె సమాధి మీదే ఈ చర్చి కట్టించాడట. ఎంత నిజమో గానీ ఆటో అతను సమాధులకంటే దీన్ని పదిరెట్లు ఉత్సాహంగా చెప్పాడు.

చిలకలపూడి పాండురంగస్వామి గుడిలో స్వామి పాదాలు మనమే తాకి దండం పెట్టుకోవచ్చు, రద్దీ లేని రోజు కాబట్టి నిదానంగా అయింది. కార్తీక పౌర్ణమికి మాత్రం జనం విరగబడతారు. గుడి బయట గిల్టు నగల దుకాణాలు. "చిలకలపూడి బంగారం" అని మనం వెక్కిరింపుగా అంటాం గానీ ఆ పనితనం చూస్తే నోరు మూసుకుంటాం. మా ఆవిడకని రెండు జతల గాజులు కొన్నాను, ముందే నిజం చెప్పేశాను.

ఇక పెడన. బందరు నుంచి పది కిలోమీటర్లుంటుంది, మా పర్యటనలో అసలు సంగతి ఇదే. కలంకారీ అంటాం గానీ ఇక్కడ కలమే లేదు, అంతా టేకు అచ్చులతో అద్దకం. కలంతో గీసేది కాళహస్తి వాళ్ళు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నలుపు అద్దుతారు, పటిక అద్దినచోట అప్పటికి ఏమీ కనపడదు, చెట్ల వేళ్ళూ చెక్కలూ వేసి కాగులో ఉడికించాక అక్కడే ఎరుపు తేలుతుంది. కాగు పక్కన నిలబడి ఆ ఎరుపు రావడం చూశాం, మా బావమరిది ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు. అద్దేవాళ్ళ చేతి లెక్క చూడాలి, గీత గీయకుండా అచ్చు పక్కన అచ్చు పడుతుంది, తేడా వచ్చినా వెంట్రుకవాసే. పనివాళ్ళు అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు, కొనమని ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. ఒక దుకాణంలో మాత్రం స్క్రీన్ ప్రింటు చీరని అద్దకమని చూపించారు. తిరగేసి చూడండి, దగ్గరగా చూడండి, అచ్చు మీద అచ్చు కలిసేచోట చిన్న తేడా కనపడుతుంది, మరీ ఒకే తీరుగా ఉంటే అనుమానించండి.

మంగినపూడి బీచీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇసుక కాదు, నల్లమట్టి, కాళ్ళు దిగబడతాయి, నీళ్ళు చాలా దూరం మోకాళ్ళ లోతే. విశాఖ ఊహించుకుని వెళ్తే నిరాశే. అటువైపే కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి, ఆటో అతని కబుర్లన్నీ దాని మీదే, వాళ్ళబ్బాయికి ఉద్యోగం వస్తుందని ఆశ.

భోజనం ఒక మెస్సులో చేశాం, చేపల పులుసు కారం దంచేసింది, మళ్ళీ వడ్డించుకున్నాం. లడ్డూలు అట్టపెట్టెల్లో ఉన్నవి కాకుండా ఆ రోజు చేసినవి అడిగి తీసుకోండి. శనగపిండి పూసని దంచి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ రోకళ్ళతో తొక్కుతారు, అందుకే తొక్కుడు లడ్డూ అంటారు. రెండు కిలోలు కొన్నాం. బస్సు గుడ్లవల్లేరు అడ్డరోడ్డు దాటకముందే మా వాడు ఒక పెట్టె విప్పేశాడు.