ఆత్రేయపురం పూతరేకులు ఓడలో తొమ్మిది రోజులు నిలుస్తాయా?

మా మేనల్లుడు ఫోన్ చేసి "మావయ్యా, ఓడ బయటికెళ్తోంది, ఎక్కడికని అడక్కు, పూతరేకులు మాత్రం ఒక ఎనిమిది డబ్బాలు విశాఖ పంపించు" అన్నాడు. అడక్కూడదని నాకూ తెలుసు, పదిహేనేళ్ళు నేవీలో చేసి పెన్షన్ పట్టుకుని కొత్తపేట వచ్చి పడ్డవాణ్ణే. బండి తీసుకుని రావులపాలెం మీదుగా ఆత్రేయపురం వెళ్ళి, లొల్ల లాకులు దాటాక రోడ్డు పక్కనున్న ఒక కొట్లో కొన్నాను. కొట్టు పేరు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఆ రోడ్డులో కొట్లకి కొదవేం లేదు లెండి.

కొన్నవి ఇవి: మామూలు పంచదార రేకులు నాలుగు డబ్బాలు, బెల్లంవి రెండు, జీడిపప్పూ బాదం పలుకులూ వేసిన డ్రై ఫ్రూట్ రకం రెండు. పంచదారది డబ్బాకి పది, 250 రూపాయలు. డ్రై ఫ్రూట్‌ది 400. "దూరం వెళ్ళాలండి, ఓడలో" అంటే కౌంటర్ దగ్గర కుర్రాడు "ఆయ్, మన మాల్ అమెరికాకే పోతోందండి, వాక్యూమ్ ప్యాక్ చేసిచ్చేస్తాం, నెల్రోజులు ఢోకా లేదు" అన్నాడు. అమెరికాకి విమానంలో ఒకటిన్నర రోజులో పోతాయి నాయనా, ఇక్కడ కథ వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పాల్సింది.

ముందు మంచి మాట. రేకు మాత్రం అసలైన రేకు. కొట్టు వెనక పాకలో ఒకావిడ తీస్తుంటే పది నిమిషాలు నిలబడి చూశాను. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో నీళ్ళపాలంత పలచటి బియ్యప్పిండి. అందులో ముంచిన గుడ్డని రెండు చేతుల్తో పట్టుకుని కుండ మీద ఒక్క లాగు లాగుతుంది, బుస్సుమని ఆవిరి లేస్తుంది, మూడు లెక్కపెట్టేలోగా అంచు ఊడి పైకి లేస్తుంది, దాన్ని చిటికెన వేలితో అందుకుని పక్కన పడేస్తుంది. "జయ బియ్యమేనా అమ్మా?" అంటే, "అదైతేనే ఇలా వస్తదండి, వేరేదైతే చిరుగుతది" అంది, చెయ్యి ఆపకుండా. ఆ రేకుని పేపరు మీద పరిస్తే కింద అక్షరాలు చదవొచ్చు. 2023లో ఈ పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, ఆ ఫ్లెక్సీ కొట్టు ముందు కుండ కంటే పెద్దగా కట్టారు. ఫ్లెక్సీ ఇవ్వాల్సింది నిజానికి ఆవిడ చేతికి.

నెయ్యి విషయంలో నాకు అనుమానం. పంచదార వాటిలో బాగానే ఉంది, డ్రై ఫ్రూట్ రకంలో మాత్రం నాలిక మీద ఒక జిడ్డు పొర మిగిలింది, నెయ్యి కరుగుతుంది, అలా అంటుకుని కూర్చోదు. అక్కడే ఒకటి తిని చూసి కూడా "పోన్లే, కుర్రాళ్ళు తింటారు" అని కొనేశాను, తప్పు నాదే.

ఇప్పుడు ఓడ సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. యుద్ధనౌకలో నావికుడికి సొంతం అని ఉండేది ఒక బంకు, అంటే పడుకునే బల్ల, ఒక చిన్న ఇనప లాకరు. బట్టలూ బూట్లూ యూనిఫారాలూ పోగా మిగిలిన జాగాలోనే మీ పూతరేకులైనా, అమ్మ పెట్టిన ఆవకాయైనా. విశాఖ నుంచి మారిషస్ పోర్ట్ లూయీ వరకూ మేం వెళ్ళినప్పుడు తొమ్మిది రోజులు పట్టింది, శ్రీలంక చుట్టూ తిరిగి, భూమధ్యరేఖ దాటి. ఓడ ఊగితే లాకరులో ఉన్నవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఏసీ ఉన్నచోట పూతరేకు పెళపెళలాడి పొడి పొడి అయిపోతుంది, ఏసీ పని చెయ్యనిచోట ఉప్పు చెమ్మకి మెత్తబడి గుడ్డలా అవుతుంది. అంటే కొట్లో రుచి వేరు, తొమ్మిదో రోజున గ్యాంగ్‌వే (ఓడ నుంచి రేవులోకి వేసే నిచ్చెన దారి) దిగేటప్పుడు రుచి వేరు, నేను మార్కులు వేసేది రెండోదానికి.

అసలు పరాయి దేశపు రేవులో పూతరేకులు ఎందుకని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. సినిమాల్లో చూపించినట్టు ఓడ ఆగగానే అందరూ టోపీలు ఎగరేసి ఊరి మీద పడరండి. రేవులోకి వచ్చేటప్పుడు తెల్ల యూనిఫారాల్లో డెక్కు అంచున వరసగా నిలబడాలి, ఎండ మాడ్చేస్తున్నా సరే. తర్వాత కెప్టెన్ గారు వెళ్ళి అక్కడి అధికారుల్ని కలవడం, సాయంత్రం డెక్కు మీద విందు, అక్కడి నేవీ వాళ్ళతో ఫుట్‌బాలో వాలీబాలో, ఒక పూట ఊరి జనానికి ఓడ చూపించడం. ఈ మధ్యలో లిబర్టీ అని పైప్ చేస్తారు, అంటే ఓడంతా వినపడేలా చెప్తారు, అదే మాకు ప్రాణం. సెలవు అంటే లీవు, ఊరికి వెళ్ళేది. లిబర్టీ అంటే ఈ పూట దిగి, చెప్పిన టైముకి తిరిగి ఎక్కాల్సింది. అది కూడా అందరికీ కాదు, డ్యూటీ వాచ్, అంటే ఆ పూట డ్యూటీ వంతు వాళ్ళు, ఓడలోనే ఉంటారు. దిగేముందు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని క్లాసు పీకుతారు, ఒంటరిగా వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి అని. టైము దాటి గ్యాంగ్‌వే ఎక్కితే మర్నాడు టోపీ తీసి పై అధికారి ముందు నిలబడాలి, ఆ తర్వాత రేవులో లిబర్టీ ఆశ వదులుకోవచ్చు.

సింగపూర్‌లో అయితే మా వాళ్ళందరి దారీ ఒకటే, సెరంగూన్ రోడ్డు, ముస్తఫా సెంటర్. అప్పట్లో రాత్రంతా తెరిచే ఉండేది. సెంటూ చాక్లెట్లూ ఎలక్ట్రానిక్ సామానూ, పైగా "ఇంకా టైముంది" అన్న ధైర్యం, అందుకే ఎక్కువమంది లేటయ్యేది కూడా అక్కడే. అక్కడ పూతరేకులు ఇస్తే ఎవడూ పట్టించుకోడు, మన మిఠాయిలన్నీ ఆ వీధిలోనే దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో సంగతి ఇంకో రకం, తినే వస్తువు ఏది దింపినా చెప్పి తీరాలి, చెప్పకుండా దొరికితే జరిమానా. అందుకని ఆ రేవు వచ్చేముందే మెస్‌డెక్‌లో, అంటే నావికులు తినే చోట, అందరం కూర్చుని మిగిలినవన్నీ ఖాళీ చేసేవాళ్ళం, ఆ రోజు గోంగూర పచ్చడి తిన్న పంజాబీ వాడి మొహం నాకింకా గుర్తు.

పోర్ట్ లూయీ మాత్రం వేరు. 2000ల మొదట్లో మాట. జనానికి ఓడ చూపించే పూట నేను ముందు డెక్కు మీద డ్యూటీలో ఉన్నాను, ఛాతీ మీద పేరు పట్టీతో. ఒక ముసలాయన, కొడుకూ కోడలూ, ఎనిమిదేళ్ళ పాప. ఆయన నా పేరు పట్టీ దగ్గరికి కళ్ళు పెట్టి చదివి "తెలుగా?" అన్నాడు. తర్వాత మాట్లాడిందంతా ఇంగ్లీషూ, వాళ్ళ క్రియోల్ భాషా కలిపి. తెలుగు ఆయనకి ప్రార్థనల్లోనే మిగిలింది. రామభజనలో ఒక ముక్క పాడాడు, మాటలు మనవే, యాస మాత్రం సముద్రం అవతలది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవని ఆయన చెబితేనే నాకు తెలిసింది. మీ ఊరెక్కడ అని అడిగాడు. కొత్తపేట అంటే ఏం తెలుస్తుంది, అందుకని కాకినాడ అన్నాను, తెలియలేదు, యానాం అన్నాను, ఊహూ. ఆఖరికి కోరంగి దగ్గర అన్నాను. ఆయన నా చెయ్యి పట్టేసుకున్నాడు. "కోరంగీ! మమ్మల్ని ఇక్కడ అలాగే పిలిచేవాళ్ళు" అన్నాడు.

అప్పటికి నాకు కోరంగి అంటే కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సులో కిటికీ పక్కన వచ్చిపోయే ఊరు, అంతే. మడ అడవి, బోట్లు, పీతలు. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టిన రేవనీ, బాగుచేసిన రేవనీ, 1839 నవంబరు తుపానుకి కుదేలైందనీ, 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ మన కూలీల్ని ఇక్కడినుంచే మారిషస్ తీసుకెళ్ళిందనీ తర్వాత తెలుసుకున్నాను. మన రేవు పేరు అక్కడ ఒక జాతి పేరైపోయింది, మనకేమో ఆ రేవే గుర్తులేదు.

ఆ పాపకి ఏమైనా ఇద్దామని లాకరు దగ్గరికి పరిగెత్తాను. అమ్మ పెట్టిచ్చిన డబ్బాలో పూతరేకులు అప్పటికి పొడీ ముక్కలూ. సిగ్గుపడుతూనే ఇచ్చాను. ఆ పిల్ల ఒక ముక్క తీసి పొర పొరగా విప్పుతూ, వెలుగుకి అడ్డం పెట్టి చూస్తూ, "కాగితం తింటారా మీరు?" అని ఇంగ్లీషులో అడిగింది. ముసలాయనకి కూడా పూతరేకంటే తెలియదు. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని కాసేపు మాట్లాడలేదు, తర్వాత మిగిలింది డబ్బాతో సహా పట్టుకెళ్ళాడు, అడక్కుండానే. మర్నాడు లిబర్టీలో నేనూ, ఒక మలయాళీ, ఒక హర్యానా వాడూ కలిసి మన కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్ళాం. అప్పటికింకా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి రాలేదు, అది 2006లో. పదహారు రాతి మెట్లు, అంతే. హర్యానా వాడు "ఇదేముందిరా చూడ్డానికి, బజారుకి పోదాం పద" అన్నాడు. నేను మాత్రం మెట్లు దిగి మళ్ళీ ఎక్కాను.

అందుకే మేనల్లుడు ఎనిమిది డబ్బాలంటే ఎనిమిదీ కొన్నాను. వాడు చేరాక వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, పోర్ట్ లూయీ నుంచే. ఫొటో చూసి కడుపు మండింది. వాక్యూమ్ ప్యాక్ అన్నారు చూడండి, గాలంతా లాగేసరికి రేకులు చపాతీల్లా అణిగిపోయాయి. పూతరేకు అంటేనే మడతల మధ్య గాలి, ఆ గాలే తీసేస్తే మిగిలేది నెయ్యిలో తడిసిన పిండి ముద్ద. డ్రై ఫ్రూట్ డబ్బాలు రెండూ మక్కు వాసన కొట్టి సముద్రంలోకి కాదు గానీ చెత్తలోకి పోయాయట. బెల్లంవి నీరు కారి అడుగున పాకంలా చేరాయి. పంచదారవి నాలుగు డబ్బాల్లో రెండు ఫర్వాలేదు, రూపం పోయినా రుచి ఉంది, వాటినే ఓడ చూడ్డానికి వచ్చిన జనానికి పెట్టాడట. "మావయ్యా, తిన్నవాళ్ళు బాగుందన్నారు, కానీ ఇది ఏంటని అడిగితే నేనే చెప్పలేకపోయాను" అన్నాడు.

కొట్టుకి వెళ్ళి ఫొటో చూపించాను. కుర్రాడు "ఓడ అని చెప్పలేదు కదండీ" అన్నాడు. చెప్పాను నాయనా, మొదటి మాటే అది. డబ్బు తిరిగివ్వలేదు, "ఈసారి రెండు డబ్బాలు ఎక్స్‌ట్రా వేస్తాం" అన్నాడు, ఆ మక్కు వాసన రకమే! లోపల రేకులు తీసే ఆవిడే వచ్చి, మాటలు విని, పని చేసే మాట చెప్పింది. "చుట్టినవి దేనికి పంపారండి? ఒట్టి రేకులు అట్టపెట్టెలో పంపండి, నెయ్యి సీసాలో, పంచదార పొడి వేరేగా. ఆ అబ్బాయే చుట్టుకుంటాడు." ఒట్టి రేకు చుట్టాలంటే తడిగుడ్డతో కాస్త మెత్తబరచాలి కదా అన్నాను. "సముద్రం మీద తడిగుడ్డ దేనికండి, గాల్లో పెడితే అదే మెత్తబడతది" అంది. పదిహేనేళ్ళు ఓడల్లో తిరిగిన నాకు తట్టలేదు ఆ ముక్క.

మార్కులంటారా, రేకుకి అయిదుకి అయిదు, పంచదార రకానికి నాలుగు, డ్రై ఫ్రూట్‌కి ఒకటి, ప్యాకింగ్‌కి సున్నా, కౌంటర్‌లో మాటకి దానికంటే తక్కువ. ఇంటికి తీసుకెళ్ళి ఆ రోజే తినేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోండి, దూరం పంపేవాళ్ళు వాక్యూమ్ అంటే మాత్రం వద్దనండి. అదే ఊళ్ళో దొరికే మామిడి తాండ్ర అయితే ఓడలో నాకెప్పుడూ చెడలేదు, లాకరులో బూట్ల కింద పడినా బతికింది.

ఈసారి ఆవిడ దగ్గరే నూట యాభై ఒట్టి రేకులు చెప్పాను. నెయ్యి మా ఇంట్లోదే, మా గేదెది. మేనల్లుడికి వీడియో కాల్‌లో చుట్టడం నేర్పుతున్నాను, మొదటి మూడూ చింపేశాడు.