పర్లాకిమిడి దుకాణంలో మూడేళ్ల ఆర్చ్ లినక్స్

ముందే ఒప్పుకుంటాను. ఈ మూడేళ్లలో నా ల్యాప్‌టాప్ రెండుసార్లు లేవనని మొండికేసింది. రెండుసార్లూ తప్పు నాదే. అందులో ఒకటి పెళ్లివారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా జరిగింది. అయినా అందులో ఎక్కించుకున్న ఆర్చ్ లినక్స్‌ను, అంటే విండోస్ లాంటిదే అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, తీసేద్దామన్న ఆలోచన రాలేదు. ఆ సంగతి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నాది గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న దుకాణం. టైపింగ్, జెరాక్స్, శుభలేఖలు, కరపత్రాలు. కాస్త దూరం పోతే పాతపట్నం, అక్కడ ఆంధ్ర మొదలు. పొద్దున వచ్చే దరఖాస్తు ఒడియాలో ఉంటుంది, మధ్యాహ్నం వచ్చే శుభలేఖ తెలుగులో ఉంటుంది, సాయంత్రం వచ్చినవారు రెండు భాషలూ ఒకే కాగితం మీద కావాలంటారు. 2022 చివర్లో రైజెన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. 2023 సంక్రాంతికి దుకాణం మూసిన మూడు రోజుల్లో దానిమీద ఆర్చ్ లినక్స్‌ను చేత్తో ఎక్కించాను. చేయి తిరిగినవారికి అది గంట పని. నాకు పండగంతా పట్టింది. కనుమ నాడు కూడా భోజనానికి మూడుసార్లు పిలిపించుకున్నాను.

ఆర్చ్‌ను 2002లో జడ్ వినెట్ అనే కెనడా ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. దీనికి పదో వెర్షన్, పదకొండో వెర్షన్ అంటూ ఉండవు. కొత్త మార్పులు ఎప్పటివి అప్పుడు దిగుతూ ఉంటాయి. 2021 ఏప్రిల్ నుంచి ఆర్చ్‌ఇన్‌స్టాల్ అనే ప్రోగ్రాం కూడా దానితోపాటే వస్తోంది. అడిగినవాటికి జవాబులు ఇస్తూ పోతే మిగతాది అదే చూసుకుంటుంది. నేను దాన్ని వాడలేదు. గొప్ప కోసం కాదు. పాత డెస్క్‌టాప్‌ను మెకానిక్ దగ్గర ఫార్మాట్ కొట్టించిన ప్రతిసారీ, ఏ ఫాంటు పోయిందో, ఏ ఫోల్డరు మాయమైందో పని మధ్యలో తప్ప తెలిసేది కాదు. ఈసారి లోపల ఏముందో నేనే పెట్టి నేనే తెలుసుకోవాలనిపించింది.

కొత్త కంప్యూటర్లలో అసలు చిక్కు లినక్స్ కంటే ముందే ఎదురవుతుంది. సంతకం లేని వ్యవస్థను తెరవనివ్వని కాపలా సెక్యూర్ బూట్. ఆర్చ్ ఇచ్చే ఎక్కింపు డిస్కు దాన్ని ఒప్పుకోదు, కాబట్టి బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ తెరుచుకునేముందు వచ్చే అమరికల్లోకి, వెళ్లి దాన్ని ఆపాలి. ఆపేముందు విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందేమో చూసుకోవాలి. ఉంటే తరువాతిసారి 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. నేను ఆ అంకెలన్నీ దుకాణం ఖాతా పుస్తకంలో, బాకీల పేజీ వెనక రాసుకున్నాను. విండోస్‌ను ఉంచుకునేవారు దాని ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపాలి. లేకపోతే అది పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది; ఆ స్థితిలో దాని డిస్కులో లినక్స్ వేలు పెట్టడం మంచిది కాదు.

ఆ ఎక్కింపు డిస్కును రాసుకున్న పెన్‌డ్రైవ్ నుంచి తెరిస్తే వచ్చేది నల్లటి తెర, దానిమీద మిణుకుమనే గీత. బొమ్మలుండవు, బటన్లుండవు. అక్కడ తెలుగు ఆశించకండి, మన అక్షరాలను ఆ తెర గీయలేదు. దుకాణంలో అప్పుడు వైఫై లేదు, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఇంటర్నెట్ తెచ్చుకున్నాను. ఈ పని మాత్రం చిటికెలో అయింది.

తరువాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆదేశం కొడితే డిస్కులోని ముక్కలన్నీ వరసగా కనిపించాయి. ఏది విండోస్‌ది, ఏది ఖాళీది అని కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. తప్పు ముక్కను ఫార్మాట్ చేస్తే అడ్డుకునేవారు ఎవరూ ఉండరు. చెప్పిన పని చేసేయడమే దాని స్వభావం. ఎంటర్ మీద వేలు పెట్టి ఎంతసేపు ఆగానో నాకే తెలుసు. ఖాళీ ముక్కను లినక్స్ ఫైళ్లు పెట్టుకునే ఎక్స్‌ట్‌4గా మార్చి, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కు 8 జీబీ వదిలి, ప్యాక్‌స్ట్రాప్‌తో మూల వ్యవస్థను దింపి, జెన్‌ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌తో ఏ ముక్క ఎక్కడ అతకాలో పట్టిక రాయించి, ఆర్చ్‌క్రూట్‌తో కొత్త వ్యవస్థ లోపలికి అడుగుపెట్టాను. సమయం ఆసియా/కోల్‌కతా. భాషల జాబితాలో ఇంగ్లీషు, తెలుగు, ఒడియా. మీట నొక్కగానే వ్యవస్థను లేపే బూట్‌లోడర్‌గా గ్రబ్ వద్దనుకున్నాను. 2022 ఆగస్టులో గ్రబ్ కొత్త వెర్షన్ దిగాక కొందరి ఆర్చ్ కంప్యూటర్లు తెరుచుకోలేదు, ఆ భయం నా మనసులో ఉంది. సిస్టమ్‌డీ-బూట్ పెట్టుకున్నాను, అది చిన్నది, దాని పని అర్థమవుతుంది.

గర్వంగా రీస్టార్ట్ చేశాను. లాగిన్ అయింది. ఇంటర్నెట్ లేదు. ఫోను తగిలించినా లేదు. ఇంటర్నెట్‌ను కలిపే నెట్‌వర్క్‌మేనేజర్‌ను ఎక్కించడమే మరిచాను! గృహప్రవేశం చేసి పాలు పొంగించాక బావికి చేద లేదని గుర్తొచ్చినట్టయింది. మళ్లీ పెన్‌డ్రైవ్, మళ్లీ ముక్కల్ని అతికించడం, మళ్లీ లోపలికి వెళ్లడం. ఈ దారి ఆరోజు విసుగ్గా తొక్కాను, తరువాత అదే ప్రాణం నిలబెట్టింది.

ఇంకొకటి గమనించాను. విండోస్‌కు వెళ్లి వచ్చిన ప్రతిసారీ గడియారం అయిదున్నర గంటలు తేడా చూపేది. లినక్స్ లోపలి గడియారాన్ని ప్రపంచ సమయంగా చదువుతుంది, విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. మన దేశ సమయానికీ ప్రపంచ సమయానికీ తేడా సరిగ్గా అంతే కదా. విండోస్‌ను కూడా ప్రపంచ సమయానికి మార్చాక ఆ గొడవ తీరింది.

ఇక పెళ్లివారి కథ. కంప్యూటర్‌ను లేపే ఫైళ్లుండే డిస్కు ముక్కను ఈఎఫ్‌ఐ విభజన అంటారు. ఎక్కించేటప్పుడు డిస్కులో ముందే ఉన్న 100 మెగాబైట్ల ఈఎఫ్‌ఐ విభజననే బూట్‌కు వాడుకున్నాను. లినక్స్‌కు గుండెలాంటి కర్నెల్, దాని ఆరంభ ఫైలు, అవసరానికని మరో పెద్ద ఆరంభ ఫైలు, అన్నీ ఆ గదిలోనే. మొదట్లో పట్టాయి. ఆరు నెలలకు కొత్త కర్నెల్ దిగినప్పుడు చోటు చాలక ఆరంభ ఫైలు సగంలో తెగింది. తెర మీద ఎర్రగా హెచ్చరిక వచ్చే ఉంటుంది, నేను టీకి వెళ్లాను. మర్నాడు ముహూర్తం దగ్గరపడిన శుభలేఖ కోసం కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మీట నొక్కితే కర్నెల్ కేకలు వేసి ఆగిపోయింది.

“ఏమైంది బాబూ, కరెంటు పోయిందా?”

“లేదండీ, కాసేపు కూర్చోండి, టీ చెప్తాను.”

సంక్రాంతి నాటి పెన్‌డ్రైవ్ సొరుగులోనే ఉంది. ఏ ముక్క ఏదో చూసి చెప్పనక్కర్లేదు, నేను కోసినవే. అతికించి, లోపలికి వెళ్లి, ఆ పెద్ద ఆరంభ ఫైలును తీసేసి, మిగతాదాన్ని మళ్లీ తయారు చేయించాను. టీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి శుభలేఖ తెర మీద ఉంది. ఆయనకు ఏమి జరిగిందో తెలియదు, పెళ్లికూతురి పేరులో దీర్ఘం పోయిందని మాత్రం పట్టుకున్నాడు.

ఆ వారమే స్వాప్‌ను కోసి, బూట్ కోసం వేరుగా 1 జీబీ విభజన చేశాను. చేసి, జెన్‌ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాసిన పట్టికలో ఆ ముక్కల పాత గుర్తింపు సంఖ్యల్ని మార్చడం మరిచాను. అదీ రెండో మొండికేత. తొంభై సెకన్లు లేని ముక్క కోసం ఎదురుచూసి, అత్యవసర గదిలోకి తోసి రూట్ పాస్‌వర్డ్ అడిగింది. పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేకపోయింది. కొత్త సంఖ్యలు రాసి బయటపడ్డాను. మీరు కొత్తగా ఎక్కిస్తుంటే మొదటే బూట్‌కు 1 జీబీ ఇవ్వండి. డిస్కు ఖరీదు లెక్కేస్తే అది చిల్లర.

నన్ను దీనికి కట్టిపడేసింది మాత్రం అక్షరాలు. మన భాషల్లో టైపు చేయించే ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ఎక్కించి, తెలుగుకూ ఒడియాకూ ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకున్నాను. ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక. తెలుగులో ‘క’ ఏ మీట మీద ఉంటుందో ఒడియా ‘క’ కూడా అదే మీట మీద ఉంటుంది, అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. అంతకుముందు రెండు భాషలకు రెండు సాఫ్ట్‌వేర్లు, రెండు అమరికలు, రెండు రకాల తప్పులు. ఇప్పుడు ఒక మీటతో భాష మారుతుంది, వేళ్లు మారవు. నెలరోజులు నత్తనడక నడిచాను, తరువాత పాత వేగం వచ్చింది.

పేజీల కూర్పుకు స్క్రైబస్ అనే ప్రోగ్రాం వాడుతున్నాను. దాని పాత స్థిర వెర్షన్ మన ఒత్తుల్ని పక్కకు విసిరేసేది. ఒత్తులు సరిగా కూర్చే 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది, ఆర్చ్‌లో అంతకుముందే దాని ప్రయోగ వెర్షన్ దొరికేది. అచ్చు సిరాల రంగుల లెక్కలో (సీఎంవైకే) పీడీఎఫ్ తీసి ఆఫ్‌సెట్ ప్రెస్‌కు పంపితే రంగుల గురించి ఇంతవరకు ఫోను రాలేదు. ఫాంట్లలో గిడుగు అన్నది ఒకటుంది, ఉచితం. గిడుగు రామమూర్తి పంతులు పాఠం చెప్పిన ఊళ్లో ఆయన పేరున్న అక్షరాలతో కరపత్రం కొడుతున్నానని నాకు లోలోపల ఒక సరదా. మా ఊరివాళ్లకు చెప్తే “ఆ లావు అక్షరాలే వేయండి” అంటారు.

పంతులు గారు పనిచేసిన సవర భాష సంగతి కూడా ఒకసారి వచ్చింది. కొండ ఊరి నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడి ఫోనులో సవరను రాసే సొరంగ్ సొంపెంగ్ లిపి వాక్యం ఉంది, ఫోనులో అన్నీ గళ్లే. మంగేయి గమాంగో 1936లో రూపొందించిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రపంచ ప్రమాణంలో, చేరింది. చాలా లిపులకు అక్షరాలున్న నోటో ఫాంట్ల కట్ట అప్పటికే ఎక్కించి ఉండటంతో నా తెర మీద అక్షరాలు అక్షరాల్లా పడ్డాయి. టైపు చేయడం నాకు రాదు. ఆయన చూపించిన అక్షరాల్ని అక్షర పటంలోంచి ఒక్కొక్కటే ఏరి రెండు గంటల్లో అరపేజీ చేశాను. డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు కుదరనివి. వేలిముద్ర పరికరం విండోస్ లేదా ఆండ్రాయిడ్ తప్ప దేన్నీ ఎరగదు. పాత లేజర్ ప్రింటర్‌కు సరైన డ్రైవర్ లేదు. రెండింటికీ పాత డెస్క్‌టాప్‌ను మూలన ఉంచాను, పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్తాను. కొత్త ఇంక్ ప్రింటర్ మాత్రం డ్రైవర్ అడగకుండానే పనిచేసింది. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లతో చేసిన పాత శుభలేఖలు తెరిస్తే చీమల బారులే. వాటిని మళ్లీ టైపు చేయడం తప్ప దారి లేదు. మూత మూస్తే నిద్రపోతుంది కానీ పూర్తి నిద్ర కాదు. ఈ తరం ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పాత గాఢనిద్ర లేదు, రాత్రి మూసి పెడితే పొద్దుటికి బ్యాటరీ బాగా దిగుతుంది. అందుకని ఆపేసే ఇంటికి వెళ్తాను.

శనివారం రాత్రి షట్టర్ దించాక మార్పులన్నీ ఒకేసారి దింపుతాను. ముందు ఆర్చ్ ప్రకటనలు చదువుతాను, దానికి రెండు నిమిషాలు. 2024లో రెండు నెలలు బద్ధకించాను, డిజిటల్ సంతకాలు సరిపోలక ఒక్క ప్యాకేజీ దిగలేదు, ఆ సంతకాల్ని సరిచూసే కీరింగ్‌ను ముందు మార్చాల్సి వచ్చింది. అదే సంవత్సరం మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు. ఆ వెర్షన్ ఆర్చ్‌లోకీ వచ్చింది. తెలిసిన మేరకు ఆ దాడి పారే దారి ఆర్చ్‌లో లేదన్నారు గానీ, ఆ రాత్రి నేను శనివారం దాకా ఆగలేదు. అన్నీ అందరికంటే ముందు అందుకునేవాడికి ఇలాంటివీ ముందే అందుతాయి.

గుణుపూర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌కూ లినక్స్ కావాలన్నాడు. పరీక్షల ముందు వాడిని నల్ల తెర ముందు కూర్చోబెట్టడం ఇష్టం లేక డెబియన్ 13 అనే మరో రకం లినక్స్ పెట్టాను. బొమ్మల ఎక్కింపు, టీ తాగేలోపు అయిపోయింది. “మరి నీకు మూడు రోజులెందుకు పట్టింది మావయ్యా?” అన్నాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

నెల తిరగకుండా ఫోను చేశాడు. బయోస్ మార్పు దిగిందట, అప్పటినుంచి డెబియన్ కనిపించకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటోందట.

“ఈఎఫ్‌ఐ విభజన ఏది రా?”

“అదేమిటి మావయ్యా?”

ఆదివారం పొద్దున గుణుపూర్ రైలెక్కాను.