కీ చూశారంటే డబ్బు పోయినట్టే, ఆ సైట్ జోలికి వెళ్లకండి

సైట్ పేరు రాయను. పండగ ముందు రీల్స్ నిండా "సగం ధరకే గేమ్ కీలు" అని ఊదరగొట్టింది కదా, అదే. కీ అంటే గేమ్ మన ఖాతాలో చేరడానికి కొట్టే కోడ్. విజయనగరం కుర్రాళ్లలో సగం మంది అక్కడే కొన్నారు, మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2,999 రూపాయల రేసింగ్ గేమ్ అక్కడ 1,450. "గ్లోబల్ కీ" అని రాసి ఉంది, అంటే ఏ దేశంలోనైనా చెల్లాలి. మా బావమరిది అంతకుముందే ఒకటి కొన్నాడు, బాగానే పనిచేసింది. ఇంకేం, యూపీఐలో కట్టేశాను. మెయిల్‌లో కీ రాలేదు, "కీ చూపించు" అని ఓ బటన్ వచ్చింది. నొక్కాను. తీరా ఆ కీ స్టీమ్‌లో వేస్తే మీ దేశంలో చెల్లదంది.

చాట్‌లో మర్యాదగానే అడిగాను, డబ్బు వెనక్కి వెయ్యండని.

"కీ మీరు చూసేశారు. చూసిన కీకి రిఫండ్ లేదు."

చూడకుండా అది చెల్లుతుందో లేదో నాకెలా తెలుస్తుంది బాబూ, సోది చెప్పించుకోవాలా? అదే అడిగాను. దానికి వచ్చిన జవాబు చూడండి: "ఇండియాలో పనిచెయ్యదని పేజీలోనే ఉంది. చదవడం వస్తే చదువుకోండి సార్."

వెళ్లి చూస్తే నిజంగానే ఉంది! "గ్లోబల్" మాయమై, ఆ చోట "ఇండియా మినహా" అని వచ్చి కూర్చుంది. కట్టేటప్పుడు తీసిన స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది, పెట్టాను. అవతల కాసేపు చడీచప్పుడు లేదు. తర్వాత చాట్ మూసేసి, "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడిగారు. సిగ్గు లేకపోతే సరి.

1,549 రూపాయలు మిగులుతాయని ఎగబడ్డాను, నాకంటే తెలివైనవాడు జిల్లాలో లేడు. అదే స్టీమ్‌లో నేరుగా కొనుంటే, కొన్న 14 రోజుల్లో, రెండు గంటలకు మించి ఆడకపోతే, కారణం ఏదైనా డబ్బు వెనక్కి వచ్చేది. ఎపిక్ అనే ఇంకో గేముల దుకాణంలోనూ దాదాపు అంతే. జీఓజీ అని మరో దుకాణం ఉంది, వాళ్లయితే 30 రోజులు ఇస్తారు, ఆడేసినా సరే. స్టీమ్ కూడా పుట్టుకతో ధర్మాత్మురాలేం కాదు లెండి. 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ కోర్టుకు లాగింది, 2015లో ఈ రిఫండ్ పద్ధతి పెట్టారు, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. కానీ ఒకటి, బయట కొన్న కీకి స్టీమ్ పైసా ఇవ్వదు. మనం వాళ్ల దగ్గర కొనలేదు కాబట్టి అడగడానికి నోరు కూడా లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీరు కూడా మోసపోయి ఉంటే పెట్టండి, పదిమందివి పడితే కదులుతారేమో. సేల్ దాకా ఆగితే అసలు దుకాణంలోనే ధర తగ్గుతుంది. ఇప్పటికే డబ్బు కట్టేసి బటన్ ఇంకా నొక్కనివాళ్లు ఉంటే ఆగండి. ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఇండియాలో పనిచేస్తుందని చాట్‌లో వాళ్లచేత రాయించుకోండి. రాయకపోతే అక్కడికక్కడే రిఫండ్ అడగండి.